నా బిడ్డ రాసిన ఎండ పేజీ

మెంతీ!

ఇట్ల పిలిస్తే "ఆగమ్మా, లెక్క మధ్యల ఉన్న" అని లోపలనుంచే కసిరేది. ఇప్పుడు పిలిచినా కసిరేటోళ్లు లేరు. పోయిన వానాకాలంలో డెంగీ జ్వరం వచ్చి నా బిడ్డ చనిపోయింది. "కన్ను మూసింది అని రాయి, దేవుని దగ్గరికి పోయింది అని రాయి" అని మా ఆడబిడ్డ చెప్పింది. రాయను. చనిపోయింది. ఉన్న మాట తిప్పి చెప్తే నా బిడ్డకు గిట్టదు.

చదివే అమ్మలారా, అయ్యలారా, నేను అయిదో తరగతి దాకా చదువుకున్న. మల్కాజ్‌గిరి స్టేషన్ రోడ్డు మీద ఆకుకూరలు అమ్ముత. రాసుడు నా పని కాదు. కాని నా బిడ్డ చనిపోయినప్పటినుంచి అందరు కలిసి ఆమెను కురచ చేస్తున్నరు. "పాపం, పెండ్లి కాలే" అని ఒకరు. "ఎప్పుడు చూసినా కంప్యూటరే, ఏం సుఖపడ్డది" అని ఇంకొకరు. "నోట్లో నాలుక లేని పిల్ల" అని మూడో ఆమె. నా మెంతికి నోట్లో నాలుక లేదంట! అది వింటే ఆ నాలుకతోనే జవాబు చెప్పేది. నిండుగ బతికిన మనిషిని రెండు మూడు మాటలల్ల మడిచి పెట్టెల పెడుతున్నరు. నేనుండంగ అట్ల కానియ్య. అందుకే రాస్తున్న. అక్షరాలల్ల తప్పులుంటే దిద్దుకోండి. మాట మాత్రం దిద్దకండి.

ముందు ఆ పేరు సంగతి. మా ఆయన ఆటో నడుపుతడు. తెల్లారకముందే ఇద్దరం బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోయి కూర మూటలు ఏసుకొస్తం. నన్ను రోడ్డు మీద దించి ఆయన తన గిరాకీకి పోతడు. బిడ్డ పుట్టినంక ఇంట్ల చూసేటోళ్లు లేరు. వెంట తీస్కపోయి గొడుగు కింద, మెంతికూర కట్టల పక్కన, గోనెపట్టా మీద పండవెట్టేదాన్ని. ఆ వాసనకు నిద్ర పోయేది. కట్టలు అమ్ముడు పోయినంక లేచి ఏడ్చేది. "ఈ కట్ట ఎంతకిస్తవు?" అని బిడ్డను చూపించి పరాచికాలాడేటోళ్లు. "అది చేదు కట్ట, మీకు పట్టదు" అనేదాన్ని. పెద్దగయినంక ఆ మాటే నిజమైంది. నాలుక మీద చేదు, లోపలికి పోతే మేలు.

ఆకుకూరకు ఎండతోని పెద్ద తక్లీఫ్. జెర ఏమరుపాటుగుంటే చాలు, నిలబడ్డ కట్ట తల వాలుస్తది. మా గొడుగు కర్రను సిమెంటు పోసిన నూనె డబ్బాలో నిలబెట్టినం. సూర్యుడు జరిగిన కొద్ది ఆ డబ్బాను జరపాలె. బడి లేని రోజు ఆ పని మెంతిది. పుస్తకం ఒళ్లో పెట్టుకొని చదువుకుంట, కొత్తిమీర మీద ఎండ పడంగనే తల ఎత్తకుంటనే కాలితోని డబ్బాను నూకేది. "ఊకె ఊకె నూకుడెందుకే, ఒక్కసారి ఎక్కువ జరిపి కూసో" అన్న ఒకనాడు. "ఎక్కువ జరిపితే ఇటు పాలకూర సస్తది" అన్నది. పుస్తకంలకెళ్లి చూపు మాత్రం తియ్యలే.

చదువంతా సికింద్రాబాద్‌లనే అయింది. ఎమ్మెస్సీ చేసింది. వాతావరణం మీద లెక్కలు కట్టే ఒక ఆఫీసుల కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. పొద్దుగాల లోకల్ ట్రైన్ ఎక్కేది, పొద్దుగూకినంక దిగి తిన్నగ నా గొడుగు కాడికి వచ్చేది. బ్యాగు పక్కనున్న టైలర్ కొట్టుల పడేసి, నా పక్కన కూసొని కట్టల మీద నీళ్లు చల్లేది. ఆఫీసు బట్టలు పాడయితయే అంటే వినేది కాదు.

మా గల్లీల అందరికీ ఆమె "వాతావరణం పిల్ల". రోజూ కూర కొననీకి వచ్చే టీచరమ్మ ఒకామె ఉండేది. "నీ బిడ్డను అడుగు, రేపు వాన పడ్తదా? దుప్పట్లు ఉతకాలె" అన్నది. సాయంత్రం అడిగిన.

"రేపటి సంగతి టీవీల చెప్తరమ్మా. యాభై ఏండ్ల తర్వాత ఎండాకాలం ఎట్లుంటదో అడగమను, నేను చెప్తా."

తెల్లారి ఆ మాటే టీచరమ్మకు చెప్పిన. "యాభై ఏండ్లకు నేనెక్కడుంట, నా దుప్పటెక్కడుంటది" అని గోంగూర కట్ట విసిరినట్టు సంచిల ఏసుకొని పోయింది. సాయంత్రం ఇది చెప్తే మెంతి పొట్ట పట్టుకొని నవ్వింది. నవ్వి, "దుప్పటి ఉండదమ్మా, ఎండ ఉంటది" అన్నది.

ఆమె ఆఫీసుల అప్పుడు ఒక పెద్ద పుస్తకం తయారు చేస్తున్నరు. అటు శ్రీకాకుళం కాడికెళ్లి ఇటు ఆదిలాబాద్ దాకా రెండుగ విడిపోకముందటి మన ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద రాబోయే ఎండాకాలాలు ఎట్లుంటయో కంప్యూటర్‌ల లెక్క గట్టి సర్కారుకు ఇయ్యాలె. అందుల ఎండ భాగం నా బిడ్డ చూసేది. పైనుంచి ఎంత ఎండ వస్తది, గాలి ఎంత తాగుతది, మబ్బు ఎంత ఆపుతది, నేలకు ఎంత దిగుతది, గిదీ పని.

"కంప్యూటర్‌లకు ఎండ ఎట్ల పోతదే?" అని అడిగిన ఒక సాయంత్రం.

"నేలనంత గళ్ల చీర లెక్క గళ్లు గళ్లు చేస్తమమ్మా. ఒక్కో గడి మీద గాలిని పరుపు మీద పరుపేసినట్టు పేరుస్తం. పైనుంచి ఎండ పోస్తం. ఒక్కో పరుపు దాటుకుంట వచ్చేవరకు ఎంత మిగిలిందో చూస్తం."

"పరుపులా? భూమి గుండ్రం అన్నరు గదా మా బళ్లె?"

"గుండ్రమే. మాకూ ఎరుకే. ఎండ లెక్క వరకు మాత్రం ఆ గడి మీద గాలి సాపుగ ఉన్నదనుకుంటం. సూర్యుడు నెత్తి మీద ఉంటే ఏం ఫరక్ పడదు. కిందికి దిగినప్పుడు పడతది. ఇంకోటి సుత ఉంది. ఏ గడి ఎండ ఆ గడిలనే దిగుతది అనుకుంటం. పక్క గడిల మబ్బున్నా దాని నీడ ఈ గడి మీద పడదు."

నాకు నవ్వొచ్చింది. మధ్యాహ్నం దాటితే టైలర్ కొట్టు రేకు నీడ నా కూరల మీదికి వస్తది. ఆ నీడ కోసమే నేను ఆ జాగ పట్టుకున్న. "అట్లయితే మీ కంప్యూటర్‌ల నాకు నీడ లేదన్నట్టే" అన్న.

"లేదు. నువ్వు మాడుడే" అన్నది. "అసలుది ఇంకా చెప్పలే. మా కంప్యూటర్ మూడు గంటలకొకసారి సూర్యుని దిక్కు చూస్తది. మళ్లీ చూసేదాక అదే ఎండ అనుకుంటది. నువ్వు పొద్దుగాల గొడుగు పెట్టి మూడు గంటలు డబ్బా ముట్టకుంట కూసున్నట్టు."

"కూరంత వాడిపోతది గదనే!"

"వాడిపోతది."

"మరి మీ సార్లకు ఆ మాత్రం తెలివి లేదా?"

అప్పుడు కోపానికి వచ్చింది. సార్లను అంటే ఊకోదు. "తెలివి లేక కాదమ్మా. నిమిష నిమిషం చూడమంటే కంప్యూటర్ ఎప్పటికి తేలుస్తదో చెప్పలేం. దినం మొత్తం ఎండ కలిపితే ఇట్ల చేసినా దాదాపు సరిపోతది. ఏది వదిలేస్తే నడుస్తదో తెలుసుకునుడే పెద్ద చదువు. నువ్వు చెయ్యవా? కట్ట కట్టేటప్పుడు ఆకులు లెక్కవెడతవా? పిడికిల పట్టి తాడు చుడతవు."

"మరింకేం? తప్పేంది?"

"వదిలేసుడు తప్పు కాదు. వదిలేసినమని చెప్పకపోవుడు తప్పు."

ఈ మాట నా బిడ్డది. ఇంట్ల, రోడ్డు మీద, ఆఫీసుల, ఎక్కడికి పోయినా ఇదే మాట.

ఆ సాయంత్రమే టైలర్ దగ్గర సుద్ద అడుక్కొచ్చి ఫుట్‌పాత్ మీద గీసి చూపించింది. ముందు ఒక కొండ గీసింది. "ఇది నిజం ఎండ. పొద్దుగాల లేస్తది, మధ్యాహ్నం శిఖరం, సాయంత్రం దిగుడు." కొండ మీద మెట్లు గీసింది. "ఇది మా ఎండ. మూడు గంటలొక మెట్టు." ఆఖరి మెట్టు ధబ్‌మని నేలకు దిగింది. కొండ మాత్రం అక్కడ ఆగలే, సన్నటి తోక లెక్క ఇంకొంచెం దూరం పోయింది.

"ఈ తోక ఏందే?"

మెంతి తల ఎత్తి పైకి చూపించింది. సూర్యుడు అప్పటికే దిగిండు. అయినా రోడ్డంత వెలుతురు ఉన్నది. పాలకూర పచ్చగ కనిపిస్తనే ఉన్నది. "ఇదీ. సూర్యుడు దిగినా పై గాలికి ఇంకా ఎండ తగులుతనే ఉంటది. భూమి గుండ్రం గాబట్టి ఈ వెలుతురు. సాపు లెక్కల ఇది లేదు. సూర్యుడు దిగంగనే చీకటి."

"అయ్యో, నా గిరాకీ అంత ఈ వెలుతురులనే గదనే! ట్రైన్ దిగేటోళ్లంత ఇప్పుడే కొంటరు."

"మా లెక్కల నీకు గిరాకీ లేదు పో" అని సుద్ద చేతులు నా కొంగుకే తుడుచుకున్నది.

ఇగ పెండ్లి ముచ్చట. "పాపం పెండ్లి కాలే" అనేటోళ్ల కోసం ఇది ప్రత్యేకంగ రాస్తున్న. మా ఆడబిడ్డ ఒక సంబంధం తెచ్చింది. నా మీద, నా బిడ్డ మీద ప్రేమతోనే తెచ్చింది, అది కాదనను. పిలగాని తల్లిదండ్రులు వచ్చి కూసున్నరు. "మా పిల్ల శానా నెమ్మది. వంట అద్దిరిపోతది. మా వదినెది కూరగాయల బిజినెస్" అని ఆడబిడ్డ మొదలువెట్టింది. మెంతి చాయ్ తెచ్చి అందరికి ఇచ్చి, ఖాళీ పళ్లెం చంకల పెట్టుకొని నిలబడ్డది.

"అత్తమ్మ కొంత చెప్పింది. వదిలేసింది నేను చెప్తా. నాకు అన్నం పప్పు తప్ప వండరాదు. కోపం ముక్కు మీద ఉంటది. ఉద్యోగం మానను. మా అమ్మ రోడ్డు మీద ఆకుకూర అమ్ముతది. పెండ్లయినంక సుత ఆదివారం నేను ఆ గొడుగు కిందనే కూసుంట."

పిలగాని తల్లి చాయ్ కప్పు కింద పెట్టింది. "రోడ్డు మీదనా? బిజినెస్ అన్నరు గదమ్మా!"

"బిజినెస్సే ఆంటీ. షట్టర్ లేదు, అంతే."

చాయ్ అయినంక వాళ్లు పోయిన్రు. మా ఆడబిడ్డ తల కొట్టుకున్నది. "ఏందే, కొన్ని కడుపుల దాచుకుంటే నీ ముల్లె పోతదా?"

"అత్తమ్మా, రేపు తెలిస్తే మెట్టు మీదినుంచి పడ్డట్టు పడతరు. ఇప్పుడే చెప్తే మెల్లగ దిగిపోయిన్రు. మంచిదే గదా."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న. మా ఆయన బయటికి పోయి ఆటోల కూసొని నవ్విండు. విన్నంక సుత ఆగేటోడు ఒకడు వస్తే చూద్దం అనేది నా బిడ్డ. ఆ లోపల ఎవడు ఆగలే. అది నా బిడ్డ లోటెట్లయితది? ఆగనోళ్ల లోటు. ఇంకోసారి నా ముంగట పాపం అనకండి.

పుస్తకం అచ్చుకు పోయే ముందు వచ్చింది అసలు లొల్లి. ఎండ లెక్కల ఏమేం వదిలేసిన్రో, దాంతోని ఎక్కడ తేడా వస్తదో చెప్పుకుంట నా బిడ్డ ఒక పేజీ రాసింది. కొండ, మెట్లు, తోక బొమ్మ సుత పెట్టింది. వాళ్ల పెద్దసారు ఆ పేజీ తీసెయ్యమన్నడు. ఆయన కోస్తా దిక్కు మనిషి, మంచోడు, మెంతికి పని నేర్పిందే ఆయన. ఆ సాయంత్రం మెంతి ట్రైన్ దిగి వచ్చి తోటకూర కాడలు ఒక్కొక్కటి టప్పు టప్పుమని విరుస్తున్నది.

"అమ్మేటివే అవి, పాడు చెయ్యకు. ఏమైంది?"

"పేజీలు ఎక్కువైనయంట. ఈ సంగతి మా పనిల ఉన్నోళ్లందరికి తెలుసంట. తెలిసినోళ్లకు తెలుసు సార్, పుస్తకం తెల్వనోళ్ల కోసమే గదా అన్న."

"ఆయనేమన్నడు?"

"దినం లెక్క సరిగ్గనే ఉన్నది, గంట గంటకు ఎవరు చూస్తరు అన్నడు."

"నిజమే గదనే?"

"కాదమ్మా!" అని నా దిక్కు తిరిగింది. "ఈ పుస్తకం చూసి రేపు ఒక ఆఫీసరు రూలు రాస్తడు. ఎండల పనిచేసేటోళ్లను ఏ గంటకు నీడకు పంపాలె అని. ఆయనకు గంట కావాలె. మా లెక్కల గంట లేదు, మెట్టున్నది. చెప్పకపోతే ఆ మెట్టునే నిజం అనుకుంటడు. మట్టి మోసేటోళ్లు, రోడ్లేసేటోళ్లు, నువ్వు, ఆ మెట్టు మీద నిలబడాలె. పేజీ తీస్తే నా పేరు సుత తీసెయ్యుండ్రి అని చెప్పొచ్చిన."

కాంట్రాక్టు మళ్లీ రాయాల్సింది ఆ సారే. ఇంటికి పోయినంక మా ఆయన సుత నచ్చజెప్పిండు. "జెర తగ్గు బిడ్డా. పెద్దోళ్లతోని ఎందుకు?"

"నాయినా, మీటర్ తప్పు చూపిస్తే నువ్వు ఊకుంటవా?"

"నా మీటర్ పనే చెయ్యదు గదనే" అన్నడు మా ఆయన.

"అదే, పనిచెయ్యదని ముందే చెప్పి ఎక్కించుకుంటవు గదా. నేనడిగేది గంతే."

ఆయన కంచంల అన్నం కలుపుకుంట నవ్విండు.

ఆ లొల్లి తేలకముందే జ్వరం వచ్చింది. తర్వాతి సంగతి ముందే రాసిన.

మూడొద్దుల నాడు పిట్టకు పెట్టినం. తెల్వనోళ్లకు చెప్తున్న. పోయినోళ్లకు ఇష్టమైనవన్ని వండి ఆకుల పెట్టి, దూరం జరిగి నిలబడతం. కాకి వచ్చి ముడితే వాళ్ల మనసు నిమ్మళమైందని అంటరు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు మనోళ్లు ఒక్కొక్కరు ముందుకొచ్చి, ఫలానాది నేను చూసుకుంట, వచ్చి తిను అని మాట ఇయ్యాలె.

మా ఆడబిడ్డ లడ్డూలు, పూరీలు, కోడికూర చేసి పెట్టింది. పక్కన నేను మెంతికి ఇష్టమైన తోటకూర కాడల పులుసు పెట్టిన. కాకి కరెంటు తీగ మీద కూసున్నది. దిగలే. మా ఆయన తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నడు. ఎండ ముదురుతున్నది.

"పెండ్లి కోరిక మిగిలింది వదినా" అని మా ఆడబిడ్డ ఏడ్చుకుంట పోయి పసుపు, కుంకుమ, గాజులు, కొత్తచీర ఆకు పక్కన పెట్టొచ్చింది. కాకి దిగలే. వెనుక ఎవరో "పాపం" అన్నరు.

నా నెత్తురు మసిలింది. ఏడుపు ఎక్కడిదక్కడ ఆగింది. ముందుకు పోయి, ఆ గాజులు చీర తీసి పక్కకు పెట్టి, అందరు వినేటట్టు గట్టిగ చెప్పిన. "మెంతీ, నీ పేజీ తీయనియ్య. వచ్చి తిను."

"ఏం పేజీ వదినా?" అన్నది మా ఆడబిడ్డ. అందరు నా దిక్కే చూసిన్రు, పిచ్చి లేసిందనుకున్నరు. నేను వెనక్కి వచ్చిన, నాతోని వాళ్లూ వెనక్కి జరిగిన్రు. కాకి దిగింది. ముందు తోటకూర కాడనే ముట్టింది. అందరు దండం పెట్టిన్రు.

నా బిడ్డ ఉంటే ఏమనేదో నాకు ఎరుకే. "మీరు వెనక్కి జరిగిన్రు, చీర మెరుపు తీసేసిన్రు, అందుకే దిగింది. ఆ సంగతి వదిలేయకు" అనేది. వదిలేయలే బిడ్డా, రాసిన. కాకి ఎందుకు దిగిందో నాకు తెల్వదు. మాట ఇచ్చిన, అది తెలుసు.

దినాల నాడు పెద్దసారు పూలదండ తీస్కొని వచ్చిండు. ఫోటో ముంగట చాలాసేపు నిలబడి, నా దగ్గరికి వచ్చి కూసున్నడు.

"అమ్మా, అలాంటి పిల్ల మాకు మళ్లీ దొరకదండీ. మా పుస్తకం మొదట్లో ఒక పేజీ నిండా తన ఫోటో వేస్తున్నాం. పుస్తకం తనకే అంకితం."

ఇంటినిండ చుట్టాలు. అందరి ముఖాలు వెలిగినయి. "చూసినవా వదినా, ఎంత మర్యాద!" అన్నది మా ఆడబిడ్డ.

"ఎండ పేజీ ఉన్నదా సారూ?" అని అడిగిన.

ఆయన అర్థం కానట్టు చూసిండు. "వదిలేసినవి చెప్పే పేజీ. కొండ, మెట్ల బొమ్మ ఉంటది" అన్న. ఆయన తల దించిండు.

"లేదమ్మా. ఇన్ని పేజీలే ఉండాలని ముందే అనుకున్నామండీ, జాగా చాలలేదు. మా లెక్కలో తప్పేమీ లేదు. ఎక్కడైనా ఇంచుమించు ఇలాగే చేస్తారు."

"తప్పని నా బిడ్డ అనలే. మీ మీద ఈగ వాలనిచ్చేది కాదు. వదిలేసినమని చెప్పుండ్రి అన్నది, గంతే. జాగ లేదంటున్నరు. ఫోటోకు ఒక పేజీ జాగ ఉన్నది గదా?"

"ఉందండీ."

"ఫోటో తీసెయ్యుండ్రి. ఆ జాగల ఆ పేజీ పెట్టుండ్రి."

మా ఆడబిడ్డ నా రెక్క పట్టి గుంజింది. "పిచ్చా నీకు? పిల్ల ముఖం పుస్తకంల వస్తదంటే వద్దంటవా?"

"నా బిడ్డ ముఖం నాకు ఎరుకే. సర్కారోళ్లకు ఆమె ముఖంతోని పనేంది? ఆమె మాటతోని పని."

బిడ్డ చనిపోయినప్పటినుంచి నోరు తెరవని మా ఆయన, మూలనుంచి అన్నడు. "మీటర్ సంగతి ముందే చెప్పాలె సారు."

ఆ మాట సారుకు అర్థమై ఉండదు. అయినా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "తను కూడా అచ్చం ఇలాగే నిలబడిందమ్మా. చూస్తానండీ" అని లేచిండు.

"సారూ" అన్న నేను గడప దాకా పోయి, "చూస్త అనే మాట మేం రోజూ వింటం. వచ్చేటప్పుడు కొంట అని చెప్పి, వేరే గల్లీలకెళ్లి ఇంటికి పోతరు. మీరు మాత్రం ఈ గల్లీలకెళ్లే రావాలె."

ఆయన వచ్చిండు. చలికాలం పోయి, మళ్లా ఎండలు షురూ అయినంక, ఒక సాయంత్రం లోకల్ ట్రైన్ దిగి, మెంతి నడిచొచ్చిన దారిలనే నడిచొచ్చి గొడుగు ముంగట నిలబడ్డడు. చేతుల పుస్తకం. మొదటి పేజీలు తిప్పి చూపించిండు. ఫోటో లేదు. ఎండ భాగం కాడ తెరిచిండు. ఇంగ్లీషు నాకు రాదు. కాని కొండను గుర్తు పట్టిన. మెట్లను గుర్తు పట్టిన. తోక సుత ఉన్నది. నీళ్ల చేతులు కొంగుకు తుడుచుకొనే ముట్టుకున్న, అయినా నా బొటనవేలి తడి అంచుకు అంటింది.

"తను రాసినవి తన మాటల్లోనే ఉన్నాయమ్మా. ఒక్కటి కూడా మార్చలేదు."

"ఇది చదివి ఆ ఆఫీసరు రూలు సరిగ్గ రాస్తడా సారూ?"

"తెలియదండీ."

"తెల్వదని చెప్పిన్రు. మంచిది."

ఈ సంగతి విన్నంక మా ఆడబిడ్డ మనసు మెత్తబడి, "సూర్యుడు దిగినంక వెలుతురున్నట్టు నీ బిడ్డ ఉన్నది వదినా" అన్నది. మంచి మాటే. కాని నేను ఒప్పుకోలే. ఆ వెలుతురు ఎంతసేపుంటదో నేను రోజూ చూస్త. కొన్ని కట్టలు అమ్మేలోపల అయిపోతది. నా బిడ్డను వెలుతురు చెయ్యకుండ్రి. ఆమె మనిషి. కోపంతోని కాడలు విరిచిన మనిషి. ఉండాల్సింది, లేదు. రాసిన పేజీ ఉన్నది. ఈ రెండూ కలిపే చెప్పాలె, ఒకటి దాచి ఒకటి చెప్పొద్దు.

ఇగ నేను వదిలేసినవి నేను చెప్పాలె, లేకుంటే మెంతి ఊకోదు. దవాఖానల గడిచిన దినాలు రాయలే, చేతకాలే. వాళ్ల నాయినతోని మాట్లాడకుంట ఉన్న రోజులున్నయి, అవి రాయలే. చిన్నప్పుడు పాటలు పాడేది, ఎందుకు మానేసిందో నాకు తెల్వదు. ఈ కాగితంల లేవని అవి లేవనుకోకుండ్రి. నా బిడ్డ దీనికన్న పెద్దది.

ఇది రోడ్డు మీదనే కూసొని రాస్తున్న. సూర్యుడు దిగిండు. ట్రైన్ వచ్చినట్టున్నది, స్టేషన్ మెట్ల మీద జనం కనిపిస్తున్నరు. ఎండ లేదు, గొడుగుతోని పని లేదు. అయినా నా కాలు పోయి ఆ డబ్బాను జెరంత నూకుతది, కొత్తిమీర దిక్కు. నూకినంక చూసుకుంట. ఇంకా వెలుతురున్నది, కట్టలు పచ్చగనే ఉన్నయి.

మీరు సుత ఇంటికి పోయే యాళ్లయింది. తోటకూర వండితే కాడలు పారెయ్యకుండ్రి. మంచిగ, కడుపునిండ తినుండ్రి.